రిబ్బనక్క కత్తికి తగిలింది

ఆ ఆసుపత్రి రెండో అంతస్తు చివర, లిఫ్టు పక్కన, ఎప్పుడూ మూసి ఉండే తలుపొకటుంది. రోగులు అటు రారు. వాళ్ళ ఒంట్లోంచి తీసిన ముక్కలు మాత్రం వస్తాయి, చిన్న చిన్న సీసాల్లో, ఘాటు వాసన వేసే మందునీళ్ళలో మునిగి, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు వేసుకుని. ఆ తలుపు వెనక పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న టెక్నీషియన్‌ను ఆసుపత్రిలో అందరూ రిబ్బనక్క అని పిలిచేవారు. డాక్టర్లకు కూడా ఆవిడ అసలు పేరు జీతాల జాబితాలో చూస్తే తప్ప గుర్తుకు రాదు.

ఆ పేరు ఆవిడ పని వల్లే వచ్చింది. రోగి నుంచి తీసిన ముక్కను కరిగిన మైనంలో ముంచి దిమ్మలా గట్టిపరుస్తారు. ఆ దిమ్మను కోత యంత్రానికి బిగించి చక్రం తిప్పితే, కత్తి అంచు నుంచి పొర మీద పొర ఒకదాని తోక ఇంకొకటి పట్టుకుని సన్నని రిబ్బనులా జారుతుంది. వెంట్రుకను నిలువునా ఇరవై చీలికలు చేస్తే అందులో ఒక్కటి ఎంత మందముంటుందో, ఆ పొర అంత. దాన్ని గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి, గాజు పలక మీదికి ఎత్తి, రంగులు వేస్తే, అప్పుడు పైగదిలోని డాక్టరమ్మ మైక్రోస్కోపు కింద పెట్టి చూసి రోగమేమిటో చెబుతుంది. పొర చిరిగితే ఆ డాక్టరమ్మ కంటికి ఏమీ ఆనదు. పైన ఎంత చదువున్నా, కింద కోత సరిగా లేకపోతే అంతే సంగతులు.

ఇంట్లో ఆవిడ అత్తగారికి ఈ పని మీద పెద్ద గౌరవమేమీ లేదు. ఎవరైనా అడిగితే, "మా కోడలు ఆసుపత్రిలో మైనం తరుగుతుంది. అక్కడ వెంట్రుకంత సన్నగా కోస్తుందట, ఇంట్లో వంకాయ మాత్రం గుప్పెడంత ముక్కలు చేస్తుంది," అని చెప్పి, తనే ముందు నవ్వేది. రిబ్బనక్క కూడా నవ్వేది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు మరి.

పనిలో చేరిన మొదటి నెలంతా ఆవిడకు ఒక్క రిబ్బను కూడా రాలేదు. పొరలు ముడుచుకుపోయేవి, పొడిలా రాలేవి, గాలికి ఎగిరి చీర కుచ్చిళ్ళకు అంటుకునేవి. పని నేర్పిన ముసలి మాస్టారు తిట్టలేదు. చక్రం మీద తన చేతిని ఆవిడ చేతి పైన పెట్టి, కళ్ళు మూసుకోమన్నాడు. కాలేయం ఎలా తెగుతుందో, కండరం ఎలా తెగుతుందో, కొవ్వు ఎలా జారిపోతుందో, ఎముక నలుసు ఎలా అడ్డం తిరుగుతుందో చేతికి తెలిసేదాకా వదల్లేదు. ఆయన రిటైరయ్యేనాటికి రిబ్బనక్క కళ్ళు మూసుకుని చక్రం తిప్పి, కత్తి కింద ఉన్నది మూత్రపిండమో పేగో చెప్పేయగలిగేది. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే ఎవరు నమ్ముతారు?

ఒక మంగళవారం ఉదయం మూడువందల పదిహేడో నంబరు ముక్కలు కోతకు సిద్ధమయ్యాయి. ఐదు ముక్కలు, ఒక్కోటి ఆవగింజకు కొంచెం పెద్దది. వెంట వచ్చిన కాగితం మీద ఇలా ఉంది: యాభై రెండేళ్ళ మగమనిషి, నాలుగు నెలలుగా దగ్గు, తెమడలో నెత్తురు, ఎనిమిది కిలోల బరువు తగ్గుదల, స్కానులో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో గాలిగొట్టాన్ని మూసేసిన గడ్డ. గొంతులోంచి కెమెరా గొట్టం దించి తీసిన ముక్కలవి. అడుగున ఊపిరితిత్తుల డాక్టరు చేతిరాతతో 'కాన్సరే అనుకుంటున్నాం, త్వరగా' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

రిబ్బనక్క దిమ్మను మంచు పలక మీద చల్లబరిచి, యంత్రానికి బిగించి, చక్రం తిప్పింది. పొరలు చక్కగా వస్తున్నాయి. పన్నెండో పొర దగ్గర చేతికి ఏదో తగిలింది. చప్పుడేమీ లేదు, చక్రం పిడి మీద ఒక చిన్న గరుకు మాత్రం. రిబ్బను మీద నిలువుగా ఒక గీత పడింది. కత్తి అంచు విరిగిందేమోనని కత్తి జరిపి చూసింది. కొత్త అంచు మీద కూడా అదే చోట అదే గరుకు.

ఊపిరితిత్తి ముక్కల్లో సున్నపు నలుసులు ఉండటం ఆవిడకు కొత్త కాదు. అవి ఇసుకలా కరకరమంటాయి. ఇది ఇసుక కాదు. గోరు తీసేటప్పుడు కత్తెరకు తగిలినట్టుంది, గట్టిగా, పీచుగా. పంతొమ్మిదేళ్ళలో ఊపిరితిత్తి ఎప్పుడూ ఆవిడ చేతికి అలా తగల్లేదు. దిమ్మ నంబరు పక్కన పెన్సిలుతో 'గట్టి పీచు?' అని రాసి, పలకలకు రంగులు వేసి పైకి పంపింది.

మధ్యాహ్నం మూడింటికి పైగది నుంచి పిలుపొచ్చింది. డాక్టరమ్మ మంచిదే, కానీ ఓపిక తక్కువ. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని కళ్ళజోడు కోసం వెతికే రకం. రెండు తలలున్న మైక్రోస్కోపులో రెండో వైపు కూర్చోమని సైగ చేసింది. రిబ్బనక్క చూసింది. కాన్సరు కణాలు లేవు. అంతా వాపు, చీము కణాలు, కొత్తగా మొలిచిన రక్తనాళాలు. ఒక ముక్క అంచున మాత్రం లేత పసుపు రంగులో, ఇటుకలు పేర్చినట్టు వరసగా గదులు గదులుగా ఒక చిన్న తునక.

మనిషి ఒంట్లో ఇటుకల వరసలుండవు. అది చెట్టుది.

డాక్టరమ్మ తేల్చేసింది. ముక్కలు అటూ ఇటూ జరపడానికి వాడే కొయ్యపుల్ల నుంచి రాలిన నలుసు అది, ల్యాబులో పడిన చెత్త, అంది. కాన్సరు కనిపించలేదని రిపోర్టు రాస్తానంది. కానీ ఊపిరితిత్తుల డాక్టరు అప్పటికే ఫోను చేశాడట. కాన్సరు లేదంటే నమ్మేలా లేడు. ముక్క సరైన చోట దొరకలేదంటున్నాడు. గడ్డ గాలిగొట్టాన్ని మూసేసింది, లోపల చీము పడుతోంది, ఇక ఆగలేం, శుక్రవారం ఛాతీ తెరిచి కింది భాగం మొత్తం తీసేస్తాం అన్నాడట.

రిబ్బనక్కకు చెవులు వేడెక్కాయి. ల్యాబు చెత్త అంటే తన చేతి చెత్త అన్నట్టే.

"నేను పుల్ల వాడలేదు మేడం. ఐదు ముక్కలూ చిమటాతోనే ఎత్తాను."

"నువ్వు వాడలేదు. కింద గొట్టం వేసిన గదిలో వాడలేదని నువ్వు చెప్పగలవా?"

ఆ ప్రశ్నే ఆవిడను ఇంకా పట్టి కుదిపింది. తన చేతి సంగతి తనకు తెలుసు గానీ, ఇంకొకరి చేతికి తను హామీ ఇవ్వలేదు. అయినా ఆ గరుకు అంచున పడ్డ నలుసుది కాదు. పైన వాలిన నలుసైతే ఒకటి రెండు పొరల్లో పోవాలి. ఇది పొర పొరకూ తగిలింది, లోపలికి పోయేకొద్దీ ఇంకాస్త గట్టిగా తగిలింది. ఈ మాట ఆవిడ నెమ్మదిగా, తడబడుతూ చెప్పింది. దిమ్మలో మిగిలినదంతా కోసి చూస్తానంది.

డాక్టరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. మిగిలిన ముక్క గోటి మీద మచ్చంత కూడా లేదు. కోత చెడితే ఇక ఏ పరీక్షకూ ఏమీ మిగలదు. మళ్ళీ ఆ మనిషి గొంతులో గొట్టం దించాల్సిందే.

"ఒక్క పొర కూడా పారేయను మేడం," అంది రిబ్బనక్క.

డాక్టరమ్మ నెత్తి మీది కళ్ళజోడు దింపి పెట్టుకుని, సరే వెళ్ళమంది.

ఆ రోజు ఆవిడ కోసిన కోత ఆ తర్వాత ఎన్నేళ్ళకైనా ఆవిడ చేతులు మరచిపోలేదు. కొత్త కత్తి బిగించింది. తడి దూదిని దిమ్మ ముఖం మీద అదిమి పట్టుకుని, గట్టిది కాస్త మెత్తబడేదాకా ఆగింది. మంచు మీద మామూలుకంటే రెట్టింపు సేపు ఉంచింది. ఫ్యాను ఆపేసింది. తలుపు గడియ వేసింది. ఊపిరి బిగబట్టి చక్రాన్ని ఎంత నెమ్మదిగా తిప్పిందంటే, గోడ గడియారంలో ముల్లు చప్పుడు వినిపించింది. పదో పొర, పదిహేనో పొర. ఇరవై మూడో పొర దగ్గర ఆ గరుకు బాగా గట్టిపడింది. ఈసారి రిబ్బను చిరగలేదు. ఆవిడ పెదాలు కరుచుకుని తిప్పుతూనే ఉంది. నలభై పొరలు, నలభై పలకలు. చివరికి దిమ్మలో మైనం తప్ప ఏమీ మిగల్లేదు. పలకలను సన్నని వేడిలో ఆరబెట్టి బయటికొచ్చేసరికి వీపంతా తడిసిపోయింది. నవ్వొచ్చింది ఆవిడకు, ఎందుకో తెలియకుండానే.

సాయంత్రం ఇంటికి వెళ్ళినా మనసు ల్యాబులోనే ఉంది. భర్త డ్రైవింగు స్కూల్లో మాస్టారు. రోజంతా ఎండలో ఇతరుల చేత గేర్లు మార్పించి వచ్చి, కొత్తగా తెచ్చుకున్న నల్లకళ్ళజోడు గొప్ప చెబుతున్నాడు. రోడ్డు మీద తళుకు కంటికి కొట్టకుండా ఆపుతుందట. చూడు వింత, అంటూ ఆ జోడును ఫోను ముందు పట్టి మెల్లగా తిప్పాడు. తిప్పేకొద్దీ ఫోను తెర మసకబారి, చివరికి నల్లగా ఆరిపోయింది.

రిబ్బనక్క చేతిలోని కంచం అలాగే కింద పెట్టేసింది.

ల్యాబులో ఇలాంటి అద్దాలు రెండుండేవి. కాంతిని ఒకే దారిన పోనిచ్చే అద్దాలు. ఒకటి పలక కింద, ఒకటి పైన పెట్టి తిప్పితే ఒంటి కణాలన్నీ చీకటైపోతాయి. చెక్క, పీచు లాంటివి మాత్రం ఆ చీకట్లో మెరుస్తాయి. ల్యాబులో ఉన్నవి రెండేళ్ళ క్రితం కిందపడి పగిలాయి. కొత్తవి కావాలని రాసిన కాగితం ఏ బల్ల మీద నిద్రపోతోందో ఎవరికీ తెలియదు.

"ఏమండీ, ఆ కళ్ళజోడు విప్పేస్తారా?"

"పెట్టుకుని నాలుగు రోజులు కాలేదే. మరి రేపు ఎండలో నేనేం చేయను?"

"ఒక్కరోజు కళ్ళు చిట్లించుకోండి."

ఆయన విషయం విన్నాడు. విన్నాక చిన్న స్క్రూడ్రైవరు తెచ్చుకుని, దీపం కింద కూర్చుని తనే రెండద్దాలూ ఊడదీశాడు. అత్తగారు ఇదంతా చూసి, ఈ ఇంట్లో ఇక మైనమే కాదు, మొగుడి కళ్ళజోడు కూడా తరుగుతారన్నమాట అని, ఆ అద్దాలు గీతలు పడకుండా తన పాత మెత్తటి చీర గుడ్డలో చుట్టి కోడలి సంచిలో పెట్టింది.

బుధవారం డాక్టరమ్మ గదికి రాకముందే పలకలన్నిటికీ రంగులు పడ్డాయి. రిబ్బనక్క ఒక అద్దాన్ని మైక్రోస్కోపు దీపం మీద పెట్టింది. రెండోదాన్ని పలక పైన అడ్డంగా పట్టుకుని మెల్లగా తిప్పింది. వెలుగు తగ్గుతూ పోయింది. గులాబీ, ఊదా రంగులు మాసిపోయి అంతా నల్లబడింది. ఆ నలుపులో, ఇరవై నాలుగో పొర నట్టనడుమ, ఒక తునక ట్యూబులైటులా తెల్లగా వెలిగింది. పక్కన ఇంకొకటి. వెనక ఇంకో మూడు.

డాక్టరమ్మ సంచి భుజాన ఉండగానే వచ్చి కూర్చుంది. ఒక పలక చూసింది, రెండో పలక చూసింది. ముప్పైయో పలక దగ్గర కదలడం మానేసింది. అక్కడ ఆ తునక చుట్టూ ఒంటి కణాలు గుమికూడి ఉన్నాయి. చాలా కణాలు కలిసిపోయి ఒకే ఒక పెద్ద రాక్షస కణమై, ఆ పుల్లను కడుపులో పెట్టుకుని కూర్చుంది. మింగలేక, కక్కలేక.

"సీసాలో పడ్డ పుల్ల చుట్టూ చచ్చిపోయిన కణాలు ఇలా చేరవు," అంది డాక్టరమ్మ, కళ్ళు అద్దాల మీంచి తీయకుండానే. "ఈ మనిషి బతికుండగానే, నెలల కిందటే ఇది లోపలికి పోయింది. దాంతో యుద్ధం చేసి చేసి అక్కడ గడ్డ కట్టింది." అప్పుడు తలెత్తి, "నిన్న నేనన్న మాట తప్పు. నీ పుల్ల కాదమ్మా ఇది," అంది.

ఆ తర్వాత ఇద్దరూ లిఫ్టు కోసం ఆగలేదు. మెట్ల మీద డాక్టరమ్మ ముందు, రిబ్బనక్క వెనక, కింది అంతస్తులో స్కాను గదికి దాదాపు పరుగెత్తినట్టే వెళ్ళారు. స్కాను డాక్టరు చీకటి గదిలో రెండు పెద్ద తెరల ముందు టీ తాగుతున్నాడు. సంగతి విని మొదట పెదవి విరిచాడు. లోహమైతే స్కానులో తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, చెక్క కనబడదు అన్నాడు. అంటూనే మూడువందల పదిహేడో నంబరు బొమ్మలు తెరిచాడు. సన్నని కోతలుగా తీసినవి తెప్పించి, వెలుగునీడలు మార్చుతూ, మౌసు చక్రం తిప్పుతూ గడ్డ గుండా కిందికీ పైకీ నడిచాడు. బూడిదరంగు ముద్ద. మళ్ళీ పైకి. ఇంకాస్త వెలుగు తగ్గించి, బొమ్మను ఏటవాలుగా తిప్పాడు.

బూడిదరంగు ముద్ద నడుమ, పెన్సిలుతో స్కేలు పెట్టి గీసినట్టు, నిటారుగా ఒక సన్నని గీత.

"ఒంట్లో ఇంత తిన్నని గీత ఉండదు," అన్నాడు. ఆ తొందరలో టీ కప్పు కీబోర్డు మీద ఒలికించాడు. తుడుచుకోవడం కూడా మరచిపోయి కొలత తీశాడు. పద్దెనిమిది మిల్లీమీటర్లు.

ఇక మిగిలింది ఆ మనిషిని అడగడమే. మైక్రోస్కోపు డాక్టర్లు వార్డుల్లోకి రావడం అరుదు. డాక్టరమ్మ వచ్చేసరికి నర్సులు ఎవరో పెద్ద ఇన్‌స్పెక్షనుకు వచ్చారనుకున్నారు. రోగి కిటికీ పక్క మంచం మీద, దిండ్లకు చేరగిలబడి ఉన్నాడు. సన్నని మనిషి, పెద్ద పెద్ద చేతులు, గోళ్ళ సందుల్లో ఎప్పటికీ పోని రంగు మరకలు. పక్కన భార్య. శుక్రవారం ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టి, ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. ఏం పని చేస్తారని డాక్టరమ్మ అడిగింది. వడ్రంగి పని అన్నాడు. రిబ్బనక్క ఒక అడుగు ముందుకేసింది.

"పని చేసేటప్పుడు నోట్లో ఏమైనా పెట్టుకుంటారా?" ఆవిడే అడిగేసింది, తను అడగవచ్చో లేదో ఆలోచించకుండా.

ఆయన ఆవిడ వంక వింతగా చూశాడు. "చీలలు పెట్టుకుంటానమ్మా. మేకులు కొట్టకుండా అతుకులు బిగించాలంటే వెదురు చీలలు కావాలి. చేతులు రెండూ ఖాళీ ఉండవు గదా, నాలుగైదు పంటి కింద పెట్టుకుంటాం."

భార్య ఒక్కసారి లేచి నిలబడింది. "చెప్పండి, ఆ మంచం కోళ్ళు బిగించిన రోజు సంగతి చెప్పండి. నేను అప్పుడే అన్నానా లేదా?"

అప్పుడు ఇద్దరూ ఒకరి మాటకొకరు అడ్డుపడుతూ చెప్పారు. నాలుగు నెలల కిందట ఎవరికో మంచం చేస్తున్నాడట. బావమరిది ఏదో హాస్యమాడితే, నోట్లో చీలలతోనే పగలబడి నవ్వాడట. పొలమారి, ముఖం కందగడ్డయ్యేదాకా దగ్గాడట. ఒక చీల తక్కువొచ్చింది. నీళ్ళు తాగి, కడుపులోకి పోయి ఉంటుంది, రెండు రోజుల్లో అదే పోతుంది అనుకున్నాడట. వారం తర్వాత మొదలైన దగ్గుకూ ఆ చీలకూ ముడి ఉందని ఇంట్లో ఎవరికీ తోచలేదు. భార్యకు తోచింది. మందుల షాపులో చెబితే నవ్వారు. అక్కడితో ఆమె కూడా ఊరుకుంది.

ఊపిరితిత్తుల డాక్టరు అరగంటలో స్కాను గదికి వచ్చాడు. ముప్పైయో పలక చూశాడు, నిటారు గీత చూశాడు, శుక్రవారం ఆపరేషను కొట్టేశాడు. గురువారం ఉదయం మత్తిచ్చి, ఈసారి లావుపాటి గొట్టం దించి, వాచిన కండను నెమ్మదిగా పక్కకు తోసి, లోపల నల్లగా కనిపించిన మొనను పట్టుకుని లాగాడు. రెండుసార్లు జారింది. మూడోసారి వచ్చింది. దాని వెనకే నెలలుగా నిలిచిన చీము బయటికొచ్చింది. మూసుకుపోయిన భాగంలోకి గాలి వెళ్ళడం తెర మీద అందరూ చూశారు.

పన్నెండింటికి, లాగి తీసిన దాన్ని వేసిన సీసా మామూలు దారినే, మామూలు కాగితంతో, రెండో అంతస్తు చివరి గదికి వచ్చింది. రిబ్బనక్క మూత తీసి, చిమటాతో ఎత్తి, తెల్ల కాగితం మీద పెట్టింది. గోధుమరంగు తిరిగిన వెదురు చీల, ఒక కొన కొద్దిగా నలిగి ఉంది. దాన్ని కొలిచి, ఫొటో తీసి, డాక్టరమ్మను పిలిచింది. ఇద్దరూ ఆ చిన్న పుల్లను ఎవరో తప్పిపోయి దొరికిన మనిషిని చూసినట్టు చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. డాక్టరమ్మ కళ్ళజోడు నెత్తి మీదే ఉంది.

ఇంటికి పంపించే రోజు వడ్రంగి ఒక కోరిక కోరాడు. తన ఊపిరితిత్తి ముక్కను కోసిన చోటు చూడాలట. రోగులు అటు రాకూడదన్న నియమం ఎక్కడా రాసి లేదు, ఎవరూ రాలేదంతే. ఆయన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, కళ్ళజోడు అద్దాలు తిప్పి చూపించారు. ఆయన మొదట ఏమీ కనబడటంలేదన్నాడు. తర్వాత ఒక్కసారి వంగి, ముక్కు అద్దానికి ఆనేలా చూశాడు. ఆ పీచు వరసలు, ఆ గదులు వెదురువేనని ఎవరూ చెప్పకుండానే పట్టేశాడు. ముప్పై ఏళ్ళుగా చెక్కుతున్నాను, లోపల ఇంత పొందికగా ఉంటుందని తెలియదు అన్నాడు. ఇంకో పలక పెట్టమన్నాడు, ఇంకోటి పెట్టమన్నాడు. తన కండలో తన చీల ఎక్కడ దిగిందో వేలితో చూపిస్తూ, భార్యను పిలిచి ఆమెకూ చూపించాడు. ఆమె చూసి, నోట్లో ఇంకొక్క చీల పెట్టుకున్నారంటే పళ్ళూడగొడతాను అంది. అన్నాక ఏడ్చింది. తర్వాత కోత యంత్రం ముందు నిలబడి ఆ కత్తి అంచును చూసి ఆయన అడిగిన ప్రశ్నలు రిబ్బనక్కను ఎవరూ ఎప్పుడూ అడగనివి. ఏ కోణంలో పెడతారు, ఎన్ని కోతలకు మొద్దుబారుతుంది, పీచుకు ఎదురు కోస్తారా, వెంట కోస్తారా? ఇద్దరు పనివాళ్ళు గంటసేపు నిలువుకాళ్ళ మీద మాట్లాడుకున్నారు.

ఆరువారాల తర్వాత తీసిన స్కానులో గడ్డ లేదు. చిన్న మచ్చ మిగిలింది, అంతే. ఎనిమిది కిలోల్లో ఐదు తిరిగొచ్చాయి.

నెలకోసారి ఆసుపత్రి డాక్టర్లందరూ కూడి, వింత కేసులు చెప్పుకునే సభ ఒకటి జరుగుతుంది. ఆ నెల ఈ కేసు చెప్పవలసింది డాక్టరమ్మ. స్కాను బొమ్మలు, మైక్రోస్కోపు బొమ్మలు అన్నీ ఆమె చూపించింది. పెద్ద సర్జను లేచి, మొదటి అనుమానం ఎక్కడ వచ్చిందని అడిగాడు. డాక్టరమ్మ వెనక వరసలో, తలుపు దగ్గర కూర్చున్న రిబ్బనక్కను ముందుకు రమ్మంది.

నలభై మంది డాక్టర్ల ముందు ఆవిడ ఎప్పుడూ నోరు విప్పలేదు. ముందుకు వచ్చి వాళ్ళ వైపు తిరిగి నిలబడింది. అప్పుడు కుడిచేయి ఎత్తి, గాలిలోనే చక్రం పిడి పట్టుకున్నట్టు పట్టుకుని తిప్పింది. తిప్పుతూ ఉంటే మాటలు వాటంతటవే వచ్చాయి. కాలేయం ఎలా తెగుతుందో చెప్పింది, సున్నపు నలుసు ఎలా కరకరమంటుందో చెప్పింది, అది ఇసుక ఎందుకు కాదో చెప్పింది. తడి దూది సంగతి చెప్పింది, మొగుడి కళ్ళజోడు సంగతి చెబితే గదంతా నవ్వింది, ఆవిడా నవ్వింది. ఇచ్చిన పది నిమిషాలు ఎప్పుడు అయిపోయాయో ఎవరూ చూడలేదు. ఆవిడ తర్వాత మాట్లాడవలసిన గుండె డాక్టరు తన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందు వరసలోకి వచ్చి కూర్చుని, ఆ పన్నెండో పొర దగ్గర చేతికి సరిగ్గా ఏం తెలిసిందో మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు.